తిరిగి వచ్చిన విత్తనము

కరువు ఎంత గడ్డుదైనను విత్తనపు కుండ ముట్టరాదని మన పెద్దలు చెప్పుచుండెడివారు. తిండిగింజలు నిండుకొన్నచో ఒక యేడు పస్తులతో గడచును. విత్తనపు గింజలు నిండుకొన్నచో మరుసటి యేడు కూడ పోవును. ఇది ఒక కుటుంబమునకు చెప్పిన నీతి. దేశమునకు దేశమే విత్తనపు కుండను పోగొట్టుకొన్న సందర్భము ఒకటి ఇరువదవ శతాబ్దపు చరిత్రలో కలదు. ఆ దేశము కంబోడియా. ఆ కుండ ఎట్లు ఖాళీ అయ్యెనో, మరల ఎట్లు నిండెనో, ఆ పనిలో పరదేశముల నుండి వచ్చిన వ్యవసాయ సలహాదారుల పాత్ర యెట్టిదో ఈ వ్యాసమున ముచ్చటింతము.

కంబోడియా చరిత్ర చాలవరకు వరి చరిత్రయే. మనకు గోదావరి యెట్టిదో ఆ దేశమునకు మేకాంగ్ నది అట్టిది. వర్షాకాలమున ఆ నది పొంగినప్పుడు దానిలో కలియు టోన్లే సాప్ నది వెనుకకు తిరిగి ప్రవహించి, అదే పేరు గల మహాసరస్సును నింపును. వానలు వెనుకపట్టిన పిమ్మట ఆ నీరు మరల మేకాంగ్‌లోనికి దిగును. ఆంగ్కోర్ రాజులు త్రవ్వించిన పశ్చిమ బారాయ్ అను చెరువు ఎనిమిది కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్లకు మించిన వెడల్పు గలది. రామప్ప, పాకాల చెరువులను ఎరిగిన మనకు ఆ రాజుల ఊహ సులభముగానే బోధపడును.

ఇట్టి నేలపై ఖ్మేర్ రైతులు తరతరములుగా వేలకొలది వరి రకములను నిలుపుకొనిరి. మెరకకు ఒక రకము, నడిమి పొలమునకు ఒక రకము, పల్లమునకు వేరొకటి, వరద పెరిగిన కొలది తానును పెరిగి నీటిపై తల యెత్తి నిలుచు లోతునీటి వరి ఇంకొకటి. వీనిలో పెక్కింటికి ఒక గుణము కలదు. పగటి పొద్దు కురుచైన పిమ్మట గాని అవి ఈనవు. నారు ముందు పోసినను, వెనుక పోసినను, వానలు తగ్గి నీరు తీయు వేళకే వెన్ను వేయును. నేల ఆరిన పిదప కోతకు వచ్చును. ఆ రైతునకు పంచాంగము గింజలోనే ఉన్నదన్నమాట.

1960 దశకమున కంబోడియా బియ్యమును ఎగుమతి చేయుచుండిన దేశము. 1970లో అంతర్యుద్ధము చెలరేగెను. 1973 వరకు అమెరికా విమానములు పల్లెసీమలపై బాంబులు కురిపించెను. 1975 ఏప్రిల్ 17వ తేదీన ఖ్మేర్ రూజ్ దళములు రాజధాని నోం పెన్ నగరమును ఆక్రమించి, పురజనులనందరిని పొలములకు తరిమివేసెను. హెక్టారుకు మూడు టన్నుల వడ్లు పండింపవలెనని క్రొత్త ప్రభువులు ఆజ్ఞాపించిరి. ఆ నేలపై అంతకు ముందటి సగటు పంట ఒక టన్నుకు కొంచెము మించి మాత్రమే. నేల యెత్తుపల్లములు చూడక కాలువలు త్రవ్వించిరి. పాత గట్లు చెరిపి మళ్లను చతురస్రములుగా దిద్దించిరి. ఈ నేల ఏమి పండించునని తెలిసిన రైతు నడిగిన వారు లేరు. చదువుకొన్నవాడని అనుమానము కలిగినచో ప్రాణము దక్కుట దుర్లభమైనది. వ్యవసాయ శాస్త్రము చదివినవారికిని మినహాయింపు లేదు. 1979 జనవరి 7వ తేదీన వియత్నాం సేనలు ఆ ప్రభుత్వమును కూలద్రోయునాటికి పదునైదు లక్షలకు పైబడిన జనులు హత్యల చేతను, ఆకలి చేతను, రోగముల చేతను మరణించియుండిరి.

బ్రతికినవారు కాలినడకను స్వగ్రామములకు తిరిగివచ్చిరి. పశువులు చచ్చినవి, నాగళ్లు లేవు, పొలములలో మందుపాతరలు పొంచియుండెను. మగవారు పెక్కుమంది మరణించుటచే అనేక కుటుంబములలో సేద్యభారము స్త్రీలపై బడెను. ఆకలికి తాళలేక జనులు చేజిక్కిన వడ్లు తినివేసిరి. విత్తనపు వడ్లు కూడ ఆ దారినే పోయెను. వారిని తప్పుపట్టుటకు కడుపు నిండినవారి కెవరికిని అధికారము లేదు.

అప్పుడు లోకము స్పందించెను. 1980లో థాయిలాండ్ సరిహద్దునందలి నోంగ్ ఛాన్ అను చోట సహాయసంస్థలు బియ్యమును, విత్తనపు వడ్లను పంచిపెట్టినవి. రైతులు ఎడ్లబండ్లపై, సైకిళ్లపై, నెత్తిమూటలతో వచ్చి కొనిపోయిరి. ఆ సహాయము లక్షల ప్రాణములకు ఊతమైనది. అయితే బయటి దేశముల నుండి తెచ్చిన ఆ గింజలలో చాలవానికి కంబోడియా నీటి నడక తెలియదు. పొట్టి రకములు వరదలో మునిగెను. స్వల్పకాలపు రకములు పొలమున ఇంకను నీరు నిలిచియుండగనే పండెను. విత్తనము ఉచితముగా వచ్చినను, దాని వెంట ఆ నేల యెరుక రాలేదు.

పోయిన గింజ మరల దొరకునా? ఈ ప్రశ్నకు జవాబు సముద్రము కావల దొరకెను. ఫిలిప్పీన్స్ దేశమున లాస్ బాన్యోస్ పట్టణములో 1960లో స్థాపితమైన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కలదు. మన రైతులకు ఐఆర్8 అను పేరు నేర్పిన సంస్థ అదియే. అచ్చట టి. టి. ఛాంగ్ అను శాస్త్రజ్ఞుని ఆధ్వర్యమున నానాదేశముల వరి రకములను సేకరించి, చల్లని గదులలో భద్రపరచుచుండిరి. 1970 దశకపు తొలి యేండ్లలో, యుద్ధము రగులుచుండగనే, కంబోడియా పల్లెలలో సేకరించిన గింజలు కూడ ఆ గదులకు చేరినవి. ప్రతి రకమునకు ఒక పొట్లము, ఒక అంకె, ఒక ఊరిపేరు. ఆ ఊళ్లలో మృత్యువు తాండవించిన కాలమున ఆ పొట్లములు చలిలో నిద్రించుచుండెను. 1980 దశకమున వానిలో 766 రకములు స్వదేశమునకు తిరిగి వెళ్లినవి.

ఈ పనికి రాజకీయపు అడ్డంకులు తక్కువ కావు. నోం పెన్ లోని క్రొత్త ప్రభుత్వమును పాశ్చాత్య దేశములు గుర్తింపలేదు. ఐక్యరాజ్యసమితిలో కంబోడియా పీఠము ఖ్మేర్ రూజ్ పక్షమునకే దక్కియుండెను. ఆకలి తీర్చు సహాయమునకు అనుమతి కలదు. అభివృద్ధి సహాయమునకు లేదు. అనగా బియ్యము పంపవచ్చును గాని బియ్యము పండించు విద్య పంపుట కష్టము. మన దేశము 1980లోనే ఆ ప్రభుత్వమును గుర్తించినది. 1982 నుండి 1988 వరకు వరి పరిశోధన సంస్థకు డైరెక్టర్ జనరల్‌గా నుండినవారు మన ఎం. ఎస్. స్వామినాథన్. ఆయన కాలముననే ఆ సంస్థ కంబోడియాతో సంబంధమును పునరుద్ధరించెను. ఆస్ట్రేలియా ప్రభుత్వము నేరుగా ఇయ్యజాలని ధనమును ఈ సంస్థ ద్వారా ఇచ్చెను. ఇట్లు 1987లో కంబోడియా, పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా మువ్వురి ఉమ్మడి పథకము ఆరంభమైనది. దానికి నాయకుడుగా హారీ నెస్బిట్ అను ఆస్ట్రేలియా వ్యవసాయ శాస్త్రజ్ఞుడు 1988లో నోం పెన్ చేరెను.

వారు వెళ్లినప్పుడు అచ్చట ప్రయోగశాలలు లేవు, పుస్తకములు లేవు, శిక్షణ పొందినవారు వేళ్లపై లెక్కింపదగినంతమంది. గ్రామసీమలలో యుద్ధము ఇంకను సమసిపోలేదు. ఇట్టి చోట సలహాదారునకు ఒక ప్రలోభము కలుగును. ‘ఇచ్చట ఏమియు లేదు గనుక నేను చెప్పినదే శాస్త్రము’ అనుకొనుట సులభము. ఈ బృందము మొదట చేసినది అది కాదు. వారు మట్టిని చూచిరి, నీటిని చూచిరి, రైతులను ప్రశ్నించిరి. కంబోడియా వరి నేలలను పదునొకండు రకములుగా విభజించి, పొలము గట్టున నిలిచి గుర్తింపదగు రీతిని ఒక కరదీపికను 1997లో వెలువరించిరి. చాల నేలలు ఇసుక పాలు హెచ్చుగా గల బీదనేలలనియు, ఏ నేలకు ఏ ఎరువు ఎంత అవసరమో వేరువేరుగా నిర్ణయింపవలెననియు తేలెను.

విత్తనముల విషయమున వారి పద్ధతి రెండు విధములు. నీటి వసతి గల భూములకు, వేసవి పంటకు ఐఆర్66 వంటి స్వల్పకాలపు రకములను 1990లో విడుదల చేసిరి. వానపై ఆధారపడిన విశాల క్షేత్రములకు మాత్రము దేశవాళీ రకములనే పరీక్షించిరి. తిరిగివచ్చిన గింజలకు తోడు, పల్లెలలో మిగిలియున్న రకములను రెండు వేలకు పైగా సేకరించి, వానిలో మేలైన వెన్నులను ఎన్నుకొని వృద్ధి చేసిరి. పొట్లములో వచ్చునది గుప్పెడు గింజలే గదా! గుప్పెడు ఒక మడియై, మడి ఒక పొలమై, పొలము ఒక గాదెయగుటకు కొన్ని పంటకాలములు పట్టును. అటుపిమ్మట కొన్ని రకములను రైతుల చేతికిచ్చి వారి పొలములలోనే సాగు చేయించి, ఏది బాగున్నదో వారినే చెప్పుమనిరి. రైతు బాగున్నదన్న రకము నిలిచినది, కాదన్నది పోయినది.

ఫలితము నెమ్మదిగానే వచ్చినను నిజమైనది. 1990 ప్రాంతమున హెక్టారుకు సుమారు 1.3 టన్నులుగా నున్న సగటు దిగుబడి 2000 నాటికి రెండు టన్నులకు చేరెను. 1995లో, ఇరువది యైదేండ్ల పిదప, ఆ దేశము తన తిండి తాను పండించుకొనగలిగెను. ఇందులో 1991 నాటి పారిస్ శాంతి ఒప్పందమునకు, భూములు తిరిగి కుటుంబముల చేతికి వచ్చుటకు, అన్నిటికి మించి ఆ రైతుల కష్టమునకు ప్రధాన భాగము కలదు. సలహాదారులకు దక్కవలసినది దక్కిన చాలును.

మా దృష్టిలో వారి కార్యములలో ఉత్తమమైనది వేరొకటి. వారు తాము వెళ్లిపోవుటకు సిద్ధపడుచు పని చేసిరి. కంబోడియా యువతీయువకులకు శిక్షణ నిచ్చి, 1999లో ఆ దేశపు స్వంత వ్యవసాయ పరిశోధనాభివృద్ధి సంస్థ ఏర్పడుటకు తోడ్పడిరి. ఖ్మేర్ రూజ్ కాలమును దాటి బ్రతికిన మెన్ సారోం అను శాస్త్రజ్ఞుడు దానికి డైరెక్టరుగా పనిచేసెను. 2001లో ఉమ్మడి పథకము ముగిసెను. దేశవాళీ రకముల నుండి ఎన్నుకొని 1999లో విడుదల చేసిన ఫ్కా రుమ్‌డూల్ అను సువాసన బియ్యము 2012లోను, 2013లోను అంతర్జాతీయ వరి సదస్సులో ప్రపంచపు ఉత్తమ బియ్యముగా బహుమతి నందెను. 2017 మొదలు 2023 వరకు కంబోడియా ఏటేట ఆరు లక్షల టన్నులకు పైబడి బియ్యమును ఎగుమతి చేసినది. అంతమాత్రమున అచ్చటి రైతు కష్టములు తీరినవని చెప్పజాలము. అప్పులు, ధరలు, ఎండలు, వరదలు మనకెట్లో వారికిని అట్లే.

ఈ కథ మేము చెప్పుటకు ఒక స్వంత కారణము కూడ కలదు. రేడియోలో సేద్యపు ముచ్చటలు వినిపించు మేమును ఒక విధముగా దూరపు సలహాదారులమే. పొలము చూడకుండ, మట్టి ముట్టకుండ, ఒక గదిలో కూర్చుండి వేల ఇండ్లకు ఒకే మాట చెప్పుదుము. ఆ మాట ఒక మెరకకు సరిపడి, ఒక పల్లమునకు సరిపడకపోవచ్చును. అందుచే రైతులు వ్రాయు ఉత్తరములు మా ప్రసంగముల కన్న మాకు విలువైనవి. మాట పోవుటయే గాక, మాట తిరిగి రావలెను.

మన ఇండ్లలో మొలగొలుకులు, కృష్ణకాటుకలు, అక్కుళ్లు అను పేర్లు ఇంకను తలచు వృద్ధులు కలరు. ఆ రకములు ఏ పొలమున పండెనో, ఏ నీటికి తాళెనో, ఏ వంటకు మేలో వారికి తెలియును. శీతల గదులలో గింజను దాచవచ్చును. ఆ గింజ నెరిగిన మనసును దాచు గది యింకను పుట్టలేదు. ఈ సంచిక చదివిన పిమ్మట ఇంటనున్న పెద్దవారిని ఒక్క ప్రశ్న అడుగుడు: మన పొలమున పూర్వము ఏ వడ్లు పండెడివి? జవాబును ఒక కాగితముపై వ్రాసి పెట్టుకొనుడు. విత్తనపు కుండలో అదియు ఒక గింజయే.