మెంటన్

ఫ్రాన్స్‌కు ఆగ్నేయపు కొసన, ఇటలీ సరిహద్దును ఆనుకొని మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పట్టణం మెంటన్. నీస్ నగరానికి తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, ఆల్ప్-మారితీమ్ జిల్లాలో ఉంది. జనాభా 30 వేల దాకా ఉంటుంది. ఎందరో రాజులు ఏలినా, సైన్యాలు వచ్చిపోయినా, ఈ ఊరి రాతను అందరికంటే ఎక్కువగా రాసింది దాని వెనకున్న కొండలే.

ఇక్కడ ఆల్ప్స్ పర్వతాలు దాదాపు నీటి అంచుదాకా దిగివస్తాయి. తీరం నుంచి కొద్ది కిలోమీటర్లు లోపలికి వెళ్తే చాలు, వెయ్యి మీటర్లు దాటిన శిఖరాలు ఎదురవుతాయి. సరిహద్దు మీద నిలిచిన గ్రామోఁ శిఖరం ఎత్తు 1,378 మీటర్లు. ఉత్తరం నుంచి వచ్చే చలిగాలిని ఈ కొండల వరుస అడ్డుకుంటుంది. దక్షిణానికి తిరిగిన వాలులు శీతకాలపు పల్చటి ఎండను కూడా పూర్తిగా అందుకుంటాయి. వేసవిలో వేడెక్కిన సముద్రం ఆ వేడిని నెలల తరబడి మెల్లగా వదులుతుంది. ఈ మూడూ కలవడం వల్ల 43 డిగ్రీలకు పైబడిన ఉత్తర అక్షాంశంలో ఉన్నా జనవరి సగటు ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పాత ఊరు సముద్రంలోకి చొచ్చుకువచ్చిన గుట్ట మీద ఉంది. దానికి అటూ ఇటూ రెండు అఖాతాలు. తూర్పున, ఇటలీ వైపున్న గారవాన్‌కు కొండల చాటు ఎక్కువ కాబట్టి ఊరంతటిలో అదే వెచ్చని చోటు.

నైరుతి రుతుపవనాల లెక్కకు అలవాటుపడిన మనకు ఇక్కడి వానల తీరు తలకిందులుగా తోస్తుంది. జూన్, జులై, ఆగస్టు ఎండిపోయి ఉంటాయి. జోరువానలు అక్టోబరు, నవంబరులో పడతాయి. నిటారు కొండల మీద కురిసిన నీరు చూస్తుండగానే ఊళ్ళోకి దూకుతుంది. సముద్రం పోటెత్తితే తీరానికీ ముప్పే. 2018 అక్టోబరు తుపానులో ఒడ్డునే ఉన్న, కవి, చిత్రకారుడు జాఁ కొక్తో పేరిట వెలసిన మ్యూజియంలోకి నీళ్ళు వచ్చి, దాన్ని మూసివేయవలసి వచ్చింది.

చదునైన నేల తక్కువ కావడంతో రైతులు వాలుల మీద రాతి గట్లు కట్టి, మెట్లు మెట్లుగా మళ్ళు వేసి ఆలివ్, నిమ్మ పెంచారు. గూడూరు, ఏలూరు మార్కెట్లలో కనిపించే చిన్న గుండ్రటి నిమ్మకాయ కాదిది. కోలగా, దళసరి తొక్కతో, పండితే నిండు పసుపు రంగు తేలే పెద్ద జాతి. మంచును ఓర్వలేని ఈ చెట్టు ఇంత ఉత్తరాన బతకడం కొండల చలవే. 18, 19 శతాబ్దాల్లో ఊరి సంపదంతా నిమ్మ, ఆలివ్ నూనె ఎగుమతుల్లోనే ఉండేది. ఊరి రాజకీయం కూడా ఆ సంపద చుట్టూనే తిరిగింది.

జెనోవాకు చెందిన వెంతో కుటుంబం నుంచి 1346లో మొనాకో ప్రభువు షార్ల్ గ్రిమాల్దీ ఈ ఊరిని కొన్నాడు. ఆనాటి నుంచి, ఫ్రెంచి విప్లవ కాలంలో తప్ప, అయిదు శతాబ్దాలు ఇది మొనాకో ప్రభువుల చేతిలో ఉంది. విప్లవం తర్వాత తిరిగి వచ్చిన ప్రభువులు పన్నులు విపరీతంగా పెంచారు. రొట్టె అమ్మే హక్కును కూడా గుత్తకిచ్చారు. విసిగిన మెంటన్, పొరుగునున్న రోక్‌బ్రూన్‌తో కలిసి 1848లో స్వతంత్ర నగరంగా ప్రకటించుకుంది. 1860లో ప్రజలు ఓటువేసి ఫ్రాన్స్‌ను ఎంచుకున్నారు. మరుసటి ఏడాది మొనాకో ప్రభువు మూడో షార్ల్ 40 లక్షల ఫ్రాంకులు తీసుకొని రెండు ఊళ్ళ మీదా హక్కు వదులుకున్నాడు. దాంతో మొనాకో తన భూమిలో చాలా భాగం పోగొట్టుకుంది. ఆ తర్వాత మోంతె కార్లో జూదశాల మీద ఆ రాజ్యం అంతగా ఆధారపడడానికి ఈ నష్టం ఒక ముఖ్య కారణం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మెంటన్‌కు కొత్త జనం రాసాగారు. జేమ్స్ హెన్రీ బెనెట్ అనే ఇంగ్లీషు వైద్యుడు క్షయతో చావు తప్పదనుకొని 1859లో ఇక్కడికి వచ్చి, కోలుకొని, ఈ ఊరి శీతోష్ణస్థితిని పొగుడుతూ పుస్తకం రాశాడు. 1869లో రైలు వచ్చింది. ఉత్తర ఐరోపా సంపన్నులు చలికాలమంతా ఇక్కడ గడపసాగారు. విక్టోరియా రాణి 1882 వసంతంలో వచ్చింది. అదే ఏడాది మార్చిలో బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ క్షయకు కారణం ఒక సూక్ష్మజీవి అని నిరూపించాడు. అయినా మంచి గాలే మందు అన్న నమ్మకం వెంటనే పోలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వెలసింది కూడా ఆ వైద్య ధోరణిలోనే. మెంటన్‌కు వచ్చినవారిలో ఎందరో తిరిగి వెళ్ళలేదు. పాత కోట ఉన్న గుట్ట శిఖరం శ్మశానమైంది. రగ్బీ ఆటకు ఆద్యుడని చెప్పుకునే విలియం వెబ్ ఎలిస్ సమాధి అక్కడే ఉంది. చిత్రకారుడు ఆబ్రీ బియర్డ్‌స్లీ 1898లో ఈ ఊళ్ళోనే క్షయతో కన్నుమూశాడు. అప్పటికి అతడికి పాతికేళ్ళు. ఎండకు మెరిసే ఈ ఊరి అందాన్ని చెప్పేటప్పుడు ఇలా ఇక్కడే కన్నుమూసినవారిని విస్మరించడం న్యాయం కాదు.

1940 జూన్‌లో ముస్సోలినీ సేనలు పట్టణాన్ని ఆక్రమించాయి. 1943 సెప్టెంబరు దాకా అది ఇటలీ ఏలుబడిలో ఉంది. తర్వాత జర్మన్లు వచ్చారు. మరుసటి సెప్టెంబరులో విముక్తి లభించింది. యుద్ధానంతరం కొక్తో పురపాలక భవనంలోని పెళ్ళిళ్ళ గదికి గోడలనిండా బొమ్మలు వేశాడు. నేటికీ అక్కడ పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి.

నిమ్మ మాత్రం చిక్కిపోయింది. 1956 ఫిబ్రవరి చలి తోటలను దెబ్బతీసింది. మిగిలిన నేల చాలావరకు ఇళ్ళ పాలైంది. 1934లో మొదలై, ఫిబ్రవరిలో జరిగే నిమ్మపండ్ల ఉత్సవంలో టన్నులకొద్దీ పండ్లతో విగ్రహాలు కడతారు. ఆ పండ్లు ఎక్కువగా స్పెయిన్ నుంచి వస్తాయి. ఊళ్ళో పండే కొద్దిపాటి పంటను కొండవాలు రైతులు ఇంకా నిలబెడుతున్నారు. 2015లో దానికి ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు మెంటన్‌లోనూ, చుట్టూ ఉన్న నాలుగు గ్రామాల్లోనూ పండిన కాయకే 'మెంటన్ నిమ్మ' అనే పేరు పెట్టి అమ్మే హక్కు ఉంది.