రుషికుల్య తీరాన తాబేళ్లు: చిన్నపిల్లలకు ఏం చెప్పాలి?

మన గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలల్లో ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో తాబేలు ఇసుకలో గొయ్యి తవ్వి, సుమారు 100 గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కొచ్చి చూడదు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి, ఎక్కువగా రాత్రిపూటే. వెలుతురు ఎటుంటే అటే సముద్రం అనుకుని పాకుతాయి. ఒడ్డున లైట్లుంటే దారి తప్పి కుక్కల పాలవుతాయి.

తాబేలు గాలి పీల్చే ప్రాణి. వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. నవంబరు నుంచి మే దాకా ఆ తీరంలో వేట ఆపేది అందుకే. నాన్న వేటకి ఎందుకెళ్లట్లేదని అడిగే పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

పిల్లలూ, ఒడ్డుకెళ్తే మూడు గుర్తుంచుకోండి: టార్చి వెయ్యొద్దు, గుడ్లు ముట్టొద్దు, ప్లాస్టిక్ పడెయ్యొద్దు.