పసిరిక పాము కరిస్తే ఏం చేయాలి?

ఎర్రగడ్డ రైతుబజారుకు తేవడానికి బీర, కాకర కోసే వేళ పందిరిపై సన్నని ఆకుపచ్చ పసిరిక పాము కనిపించవచ్చు. దీని కోరలు నోటి వెనుక భాగంలో ఉంటాయి, విషం స్వల్పం. కరిచిన చోట నొప్పి, వాపు, తిమ్మిరి వచ్చి సాధారణంగా తగ్గిపోతాయి. కళ్లు పొడుస్తుందన్నది అపోహ.

పిల్లి పాముకూ కోరలు వెనుకే. కానీ చూడటానికి అది ప్రాణాంతకమైన చిన్న పింజరిలా ఉంటుంది. అందుకే పాము రంగు, మచ్చలు చూసి 'విషం లేదులే' అని ఇంట్లో ఉండిపోవద్దు.

ఏ పాము కరిచినా:

• కట్టు బిగించవద్దు, గాటు పెట్టవద్దు, నోటితో పీల్చవద్దు.
• పామును పట్టుకోబోవద్దు.
• ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలు లేదా చేయి కదలకుండా ఉంచండి.
• వెంటనే 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.

మన ఆసుపత్రుల్లోని విరుగుడు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలకే పనిచేస్తుంది. అది అవసరమో కాదో డాక్టరే తేల్చాలి.