కారుకు ఇన్‌టేక్ స్పేసర్ ఇంట్లోనే బిగించుకోవాలంటే: లాభమెంత, రిస్కు ఎంత

హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటింది 2021 జూన్‌లో. మైలేజీ పెంచుతామనే సామాను ఆన్‌లైన్‌లో ఇప్పుడు కొల్లలు. అందులో ఒకటి ఇన్‌టేక్ స్పేసర్. థ్రాటిల్ బాడీ స్పేసర్ అని కూడా అంటారు. చూడ్డానికి మందపాటి అల్యూమినియం రింగు, లోపలి గోడకు మరలాంటి గాళ్లు. "పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, అరగంటలో మీరే బిగించుకోవచ్చు" అని దాని డబ్బా మీద ఉంటుంది. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాల్లో లేత్ మిషన్లకు కొదవ లేదు కాబట్టి, కాప్రా వైపు కుర్రాళ్లకు కొనకుండానే ఒకటి కోయించుకుందామన్న ఆలోచన రావడం కూడా సహజమే.

మన ఇళ్లలో సాధారణంగా కారు ఒక్కటే ఉంటుంది. పొద్దున నాన్న డ్యూటీకి, సాయంత్రం అమ్మీని డాక్టరు దగ్గరికి, ఆదివారం వలీమాకు భువనగిరో వరంగలో, అన్నిటికీ అదే. అందుకే ఆ కారు బానెట్ ఎత్తే ముందు ఈ రింగు ఏం చేస్తుందో, ఏం చేయదో తెలుసుకోవాలి.

ఇది ఎక్కడ కూర్చుంటుంది

ఎయిర్ ఫిల్టర్ దాటిన గాలి ఒక రబ్బరు గొట్టంలోంచి థ్రాటిల్ బాడీకి వస్తుంది. అందులో గుండ్రటి రేకు తలుపు ఉంటుంది. మీరు యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది అదే. దాని వెనకే ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే గాలిని మూడు లేదా నాలుగు సిలిండర్లకు పంచే పెట్టె. థ్రాటిల్ బాడీకీ మానిఫోల్డ్‌కీ మధ్యలో పెట్టే ముక్కే స్పేసర్. మందం సుమారు 12 మిల్లీమీటర్ల నుంచి 25 వరకు ఉంటుంది.

దీని పుట్టిల్లు కార్బొరేటర్ ఇంజిన్లు. కార్బొరేటర్‌లో పెట్రోలూ గాలీ అక్కడే కలిసి మానిఫోల్డ్ పొడవునా కలిసే ప్రయాణిస్తాయి. అమెరికాలో 1980ల చివర, 1990ల మొదట్లో వచ్చిన జనరల్ మోటార్స్ పికప్ ట్రక్కుల్లోనూ ఇంజెక్టర్లు థ్రాటిల్ బాడీ పైనే ఉండేవి. అలాంటి ఇంజిన్‌లో దారి కాస్త పొడవైతే పెట్రోలు ఇంకొంచెం బాగా కలవొచ్చు. ఆ మాటలో అర్థం ఉంది.

రెండో ప్రయోజనం వేడిని ఆపడం. పాత మోటార్ సైకిళ్లలో కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య నల్లటి బేకలైట్ ముక్క ఉంటుంది, చూసే ఉంటారు. అది కంపెనీ పెట్టిన స్పేసరే. ఇంజిన్ వేడి కార్బొరేటర్‌కు ఎక్కి పెట్రోలు ఆవిరి కాకుండా ఆపుతుంది. ఎండాకాలంలో అంబాసిడర్ ఆగిపోతే పెట్రోలు పంపు మీద తడి గుడ్డ వేసే రోజులు పెద్దవాళ్లకు గుర్తుంటాయి కదా, ఆ జబ్బుకు ఇలాంటి ముక్కలు నిజంగానే మందు.

మరి మీ కారులో?

1998లో వచ్చిన శాంట్రో ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌తోనే వచ్చింది. ఆ తర్వాత కార్బొరేటర్లు పోయాయి. ఎంపీఎఫ్ఐలో ఇంజెక్టర్ సిలిండర్ వాల్వ్ దగ్గర కూర్చుని పెట్రోలు అక్కడే చిమ్ముతుంది. థ్రాటిల్ బాడీలోంచి పోయేది ఉత్త గాలే. స్పేసర్ దగ్గర సుడి తిరిగినా, అక్కడ కలపడానికి పెట్రోలే లేదు. పైగా ఆ సుడి మానిఫోల్డ్ పెట్టెలోకి వెళ్లి మూడు నాలుగు గొట్టాలుగా చీలగానే చెదిరిపోతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. 1.2 లీటర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎంలో పూర్తి థ్రాటిల్ మీద సెకనుకు దాదాపు 30 లీటర్ల గాలి పీలుస్తుంది. థ్రాటిల్ నోరు 50 మిల్లీమీటర్లు అనుకుంటే గాలి వేగం సెకనుకు సుమారు 15 మీటర్లు. 25 మిల్లీమీటర్ల స్పేసర్‌ను ఆ గాలి దాటడానికి పట్టే టైము సెకనులో వెయ్యో వంతులు రెండు కూడా కాదు. అంతలో అది చల్లబడేదీ లేదు, మారేదీ లేదు. వేడిని ఆపడం అంటారా, ఇప్పటి చాలా కార్లలో మానిఫోల్డే ప్లాస్టిక్‌ది. ఆ పని కంపెనీయే చేసేసింది. అల్యూమినియం రింగు అయితే వేడిని ఆపకపోగా మోసుకొస్తుంది.

సరే, గాలి నిజంగానే 50 డిగ్రీల నుంచి 40కి తగ్గిందనుకుందాం. గాలి మూడు శాతం చిక్కబడుతుంది, పూర్తిగా తొక్కినప్పుడు పవర్ దాదాపు అంతే పెరగొచ్చు. కానీ మైలేజీ పెరగదు. హబ్సిగూడ నుంచి ఈసీఐఎల్ చౌరస్తాకు 40 స్పీడులో పోవడానికి ఇంజిన్‌కు కావలసిన గాలి కొంతే. చిక్కటి గాలి వస్తే మీ కాలు పెడల్‌ను ఇంకాస్త తక్కువ తొక్కుతుంది, అంతే. అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ఎయిర్ ఫిల్టర్లు మూసుకుపోయేలా చేసి పరీక్షించినప్పుడూ ఇదే తేలింది: ఇంజెక్షన్ కార్లలో పికప్ తగ్గింది గానీ మైలేజీ పెద్దగా మారలేదు. అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్రోలు ఆదా చేస్తామన్న వంద పైచిలుకు పరికరాలను పరిశీలించింది. వాటిలో కాస్తోకూస్తో పనిచేసినవి చాలా తక్కువ.

డీజిల్ కారుకు ఈ రింగు అసలు దండగ. టర్బో పెట్రోలు కారులో గాలిని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ వేరే ఉంది.

అయినా బిగిస్తానంటే

కొందరికి మైలేజీ కంటే చేతిపని సరదా ముఖ్యం. అందులో తప్పేం లేదు. వారంటీలో ఉన్న కారు మాత్రం వదిలేయండి. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్6 కార్లలో సెన్సార్లు ఎక్కువ, వాటి జోలికీ పోకపోవడం మేలు. పాత ఎంపీఎఫ్ఐ కారు, ఇంట్లో అదనంగా ఉన్నది అయితే సరే.

పని పొద్దున్నే పెట్టుకోండి, రాత్రంతా ఆగిన ఇంజిన్ చల్లగా ఉంటుంది. ముందు ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి, ఏ గొట్టం ఎక్కడిదో తర్వాత గుర్తుండదు. 10 నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ విప్పి పక్కకు పెట్టండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆగి ఉన్నా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు. కుర్తా చేతులు మడవాలి, దుపట్టా దగ్గరికి రానివ్వకూడదు, పిల్లల్ని అసలు రానివ్వొద్దు.

రబ్బరు గొట్టం క్లిప్పు వదులు చేసి తీయండి. కనెక్టర్‌ను వైరు పట్టుకుని లాగొద్దు, లాక్ నొక్కి తీయాలి. పాత ప్లాస్టిక్ పుటుక్కున విరుగుతుంది. కొన్ని థ్రాటిల్ బాడీలకు కూలెంట్ పైపులు రెండు ఉంటాయి. వాటిని విప్పకుండా బాడీని పక్కకు జరపగలిగితేనే ముందుకెళ్లండి. విప్పితే కూలెంట్ కారి, గాలి చేరి, తర్వాత ఇంజిన్ వేడెక్కే బాధ మొదలవుతుంది.

బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. బాడీ ఊడి రాగానే మానిఫోల్డ్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక్క వాషర్ లోపల పడి సిలిండర్‌లోకి వెళ్లిందంటే వాల్వులు, పిస్టన్ పోతాయి. అప్పుడు ఖర్చు వేలల్లో ఆగదు. ఈ మొత్తం పనిలో అతి పెద్ద ప్రమాదం ఇదే, డబ్బా మీద మాత్రం రాయరు.

ఇక బోల్టు పొడవు. పాతది 30 మిల్లీమీటర్లు, స్పేసర్ 20 అయితే కొత్తది 50 ఉండాలి. పొట్టిదైతే రెండు చుట్లే పట్టి ఊడుతుంది. పొడవైతే అడుగున తగిలి ఆగిపోతుంది. బిగిసినట్టే అనిపిస్తుంది గానీ ప్యాకింగ్ నొక్కుకోదు. ప్లాస్టిక్ మానిఫోల్డ్‌లో ఇత్తడి మర ఊడొస్తే మానిఫోల్డే మార్చాలి. రాణిగంజ్‌లో బోల్టు కొనేటప్పుడు పాతది చేతిలో పెట్టుకుని వెళ్లండి, చుట్ల మందం కూడా కలవాలి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. పెద్ద పానాతో బలం చూపించే పని కాదిది.

స్పేసర్‌కు రెండు వైపులా ప్యాకింగ్ ఉండాలి, కొత్తదే వాడాలి. అనాబాండ్ పూసి సరిపెట్టేద్దాం అనుకోకండి. ఎండిన ముక్క ఊడి లోపలికి వెళ్తుంది. లేత్ మీద కోయించిన రింగు అయితే రెండు ముఖాలూ గాజు పలక మీద పెట్టి చూడాలి, ఊగిందంటే అది లీకయ్యేదే. బిగించాక బానెట్ మెల్లగా దించి ఎక్కడా తగలడం లేదని చూసుకోండి.

స్టార్ట్ చేశాక

ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా థ్రాటిల్ రేకును వేలితో నెట్టొద్దు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే మోటారు పాడవుతుంది. బ్యాటరీ తీసి పెట్టారు కాబట్టి మొదటి కొన్ని నిమిషాలు ఐడ్లింగ్ అటూ ఇటూ ఊగొచ్చు. వేడెక్కాక స్థిరపడాలి. పడకుండా పైనే ఉండిపోయినా, బుస్సుమన్న చప్పుడు వస్తున్నా గాలి లీకు ఉన్నట్టు. జాయింటు మీద కొంచెం నీళ్లు చిమ్మి చూడండి, ఇంజిన్ చప్పుడు మారితే లీకు అక్కడే. కొందరు మెకానిక్‌లు కార్బ్ క్లీనర్ కొడతారు, వేడి ఇంజిన్ మీద అది నిప్పుతో ఆట.

బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ గొట్టం కూడా ఈ మానిఫోల్డ్ నుంచే వెళ్తుంది. పని చేసేటప్పుడు అది కదిలినా, పగిలినా పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అందుకే కారు కదలక ముందే, ఇంజిన్ ఆపి పెడల్‌ను ఐదారుసార్లు తొక్కండి. గట్టిపడ్డాక అలాగే నొక్కి పట్టుకుని స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే కారు గేటు దాటకూడదు.

చట్టం మాటేమిటి

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ చెప్పినవాటికి భిన్నం అయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. ఆ కేసు బండి నిర్మాణంలో మార్పుల గురించి. స్పేసర్ వల్ల ఆర్‌సీలో అక్షరం మారదు, నిజమే. కానీ అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేని పార్టులు బిగించడాన్ని కూడా కలిపి, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పని మార్పు క్లెయిమ్ రోజున బయటపడితే అదో పేచీ. పొల్యూషన్ టెస్టు తప్పితే ఇంకోటి.

అదే డబ్బుతో

ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనులు ఏళ్ల తరబడి సాగాయి. ఆ దుమ్ములో రోజూ తిరిగిన కారుకు ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చాలి. మైలేజీ కోసం కాదు, పికప్ కోసం. థ్రాటిల్ బాడీ మసి శుభ్రం చేయిస్తే ఐడ్లింగ్ కుదురుకుంటుంది. స్పేసర్ పెట్టాక "తేడా తెలుస్తోంది" అనేవాళ్లలో కొందరికి నిజానికి పనిచేసింది ఆ రోజు తుడిచిన మసే అయి ఉంటుంది. టైర్లలో గాలి వారానికోసారి చూడండి. సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ 0.2 శాతం పోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. పది తగ్గితే రెండు శాతం. బంకులో ఐదు నిమిషాల పని అది.

స్పేసర్ ఫలితం కొలవాలంటే డ్యాష్‌బోర్డు అంకె చాలదు. ఒకే బంకులో ఆటో కట్ అయ్యేదాకా నింపి, బిగించక ముందు మూడు ట్యాంకులు, తర్వాత మూడు ట్యాంకులు, అవే రోడ్ల మీద, కిలోమీటర్లు కాగితం మీద రాసుకోండి. తేడా లేదని తేలితే తీసేయడానికి పాత బోల్టులూ ప్యాకింగూ ఒక కవర్లో వేసి దాచి ఉంచుకోవాలి. స్పేసర్ తీశాక పొడవు బోల్టులే మళ్లీ పెడితే అవి అడుగున తగిలి జాయింటు వదులుగానే ఉంటుంది.