ఈ ఊరికి ఏమయింది? - ఒక డాక్యుమెంటరీ, మా నాయిన, 1984

1984 అనగానే మీకేం గుర్తొస్తుంది? ఓసారి లంచ్ దగ్గర మా టీంలో వాళ్ళని ఊరికే అడిగాను. ఒకడు ఆర్వెల్ నవల అన్నాడు. ఒకమ్మాయి భోపాల్ అంది. ఢిల్లీ నుంచి వచ్చిన సర్దార్జీ కొలీగ్ ఏమీ అనలేదు, అనక్కర్లేదు కూడా. గుంటూరు మిత్రుడు మాత్రం "ఇంకేముంది, నాదెండ్ల ఎపిసోడ్" అని మొదలుపెట్టి, టీ చల్లారేదాకా ఆపలేదు. అందరిలోకీ హైదరాబాదులో పుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. శాలిబండలో, పాతబస్తీ నడిబొడ్డున పుట్టాను. నాకు మాత్రం ఏమీ గుర్తు రాలేదు.

ఆ గుంటూరు మిత్రుడు చెప్పిన కథ మనందరికీ తెలిసిందే. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. అప్పటికి ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చి కొన్నాళ్ళే అయింది. ఎమ్మెల్యేలని కర్ణాటకలో దాచారు. దేశంలోని ప్రతిపక్షాలన్నీ ఒక్కటయ్యాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ప్రజాస్వామ్యం గెలిచింది, శుభం. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరిగే కథ ఇది.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఒక సీను లేదు. ఆ నెల రోజుల్లోనే, గణేశ్ నిమజ్జనం చుట్టూ మొదలైన గొడవల్లో పాతబస్తీ తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు, మనుషులు పోయారు. సింహాసనం ఎవరిదో తేలని నెలలో ఊరు కాలుతోంది. ఈ రెంటినీ ఒకే వాక్యంలో చెప్పినవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. ఒక డాక్యుమెంటరీ చెప్పింది. దాని పేరు 'క్యా హువా ఇస్ షహర్ కో', అంటే ఈ ఊరికి ఏమయింది అని.

దీన్ని తీసింది దీపా ధన్‌రాజ్. కెమెరా నవరోజ్ కాంట్రాక్టర్. హైదరాబాద్ ఏక్తా అనే బృందంతో, ఉస్మానియాలో ఇంగ్లీషు ప్రొఫెసర్ గా పనిచేసిన కేశవరావు జాదవ్ గారితో కలిసి తీశారు. జాదవ్ గారు లోహియావాది, తెలంగాణ ఉద్యమంలో పెద్దమనిషి, 2018 లో పోయారు. నవరోజ్ 2023 లో రోడ్డు ప్రమాదంలో పోయారు. సినిమా గంటన్నర పైచిలుకు, 1986 లో పూర్తయింది. అయోధ్య మీద ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'రామ్ కే నామ్' గురించి డాక్యుమెంటరీలు చూసేవాళ్ళు ఎవరైనా చెప్తారు. అది వచ్చింది 1992 లో. దానికి ఆరేళ్ళ ముందే మన ఊళ్ళో ఈ పని జరిగిపోయింది. మనకే తెలీదు.

నాకూ తెలీదు లెండి. సినిమాల పిచ్చి ఉన్న స్నేహితుడొకడు "నువ్వు ఓల్డ్ సిటీ వాడివి కదా, చూడు" అని డివిడి చేతిలో పెట్టాడు. మా ఇంట్లో డివిడి ప్లేయర్ ఎప్పుడో మూలన పడింది. ఆఫీసులో ఓ పాత లాప్‌టాప్ వెతికి పట్టుకొచ్చి, ఓ ఆదివారం మధ్యాహ్నం పెట్టాను. మా నాయిన పక్కనే పేపరు చదువుతున్నాడు.

సినిమా ఎలా ఉంటుందో కొంచెం చెప్తాను. కర్ఫ్యూలో ఖాళీ వీధులు. ఇంట్లోవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళ మాటలు, హిందువులవీ ముస్లిములవీ. రెండు వైపుల నాయకుల ప్రసంగాలు. వినాయకుడి ఊరేగింపు. వీటి మధ్యలో వెనక నుంచి ఒక గొంతు చరిత్ర చెప్తూ ఉంటుంది. నిజాం కాలం నుంచి ఈ ఊరు ఎట్లా ఇక్కడికొచ్చిందో వివరిస్తుంది. "వీళ్ళకీ వాళ్ళకీ ఎప్పట్నుంచో పడదు" అనే సులువైన సమాధానాన్ని ఈ సినిమా ఒప్పుకోదు. అల్లర్లు ఆకాశం నుంచి ఊడిపడవు, వాటి వల్ల ఎవరికి లాభమో చూడండి అంటుంది. ఇది 'నిష్పాక్షికమైన' సినిమా కాదు. తీసినవాళ్ళకి ఒక అభిప్రాయం ఉంది, దాన్ని దాచుకోలేదు. అక్కడక్కడా ఆ వెనక గొంతు మరీ పాఠం చెప్పినట్టుందని నాకనిపించింది కూడా. కానీ కెమెరా ముందు కూచుని మాట్లాడే మనుషులు ఆ పాఠం కంటే పెద్దవాళ్ళు.

ఆ చరిత్ర తెలీకపోతే పాతబస్తీ అర్థం కాదన్నది నిజమే. 1591 లో కట్టిన ఊరు. 1948 సెప్టెంబర్ దాకా ఒక రాజ్యానికి రాజధాని. ఉర్దూ తెలిస్తే ఉద్యోగం దొరికే చోటు. 1918 లో మొదలైన ఉస్మానియాలో ఇంజినీరింగూ మెడిసినూ కూడా ఉర్దూలోనే చెప్పేవారు. పోలీస్ యాక్షన్ తర్వాత ఆ కొలువులూ పోయాయి, ఆ భాషకున్న విలువా పోయింది. 1956 తర్వాత కొత్త రాష్ట్రం వచ్చింది, కొత్త ఆఫీసులు, కొత్త కాలనీలు ఎక్కువగా మూసీకి ఉత్తరాన లేచాయి. 1998 లో సైబర్ టవర్స్ కట్టేనాటికి మన హైదరాబాద్ ఇంకో వైపుకి వెళ్ళిపోయింది. మనలో చాలామందికి పాతబస్తీ అంటే చుట్టాలొచ్చినప్పుడు చూపించే చార్మినార్, లాడ్ బజార్ గాజులు, రంజాన్ నెలలో హలీం. నేను అక్కడే పుట్టి కూడా అంతే.

ఇంతకీ మా నాయిన సంగతి. ఊరేగింపు సీన్లు వచ్చేసరికి పేపరు పక్కన పెట్టాడు. కళ్ళజోడు సర్దుకుని, కాసేపు ముందుకి వంగి చూశాడు. తర్వాత "ఆపు" అన్నాడు. ఆపాను.

"నేను సుత ఆ జులూస్‌ల ఉంటి."

నేనేం మాట్లాడలేదు. ఆయనే మళ్ళీ అన్నాడు: "గప్పుడు అవి నాకు నినాదాల లెక్క వినపడలేదురా. పండుగ లొల్లి లెక్క వినపడ్డయి."

చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో ఒక కథ ఉంది. మేం 1985 లో శాలిబండ ఇల్లు అమ్మేసి దిల్‌సుఖ్‌నగర్ వచ్చాం. ఎందుకంటే అక్కడ మంచి స్కూలు ఉంది, నా చదువు కోసం. నేను ఇంజినీర్ అయ్యానంటే ఆ నిర్ణయం వల్లే అని మా అమ్మ ఎంతమందికి చెప్పిందో. నలభై ఏళ్ళ తర్వాత ఆ ఆదివారం తెలిసిందేంటంటే, స్కూలు అనేది తర్వాత కలిపిన కారణం. ఇల్లు అగ్గువకి అమ్మారు, తొందరగా అమ్మారు. కొన్నది ఒక ముస్లిం కుటుంబం. వాళ్ళు అంతకుముందు ఉన్న బస్తీలో హిందువులెక్కువ, వాళ్ళూ భయపడే అక్కణ్ణుంచి వచ్చారు. రెండు కుటుంబాలు ఒకే భయంతో ఎదురెదురు దిక్కుల్లో నడిచాయి. ఆ రోజు కాగితాల మీద సంతకాలు పెట్టి ఇద్దరూ కలిసి చాయ్ తాగారట. ఒకరినొకరు ఏమీ అడగలేదట.

ఇది విని నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో మాత్రం తెలీలేదు. మా నాయిన ఎవర్నీ కొట్టలేదు. పండగనుకుని వెళ్ళాడు. వారం తిరక్కుండా తనే భయపడి మంచం కిందకి మమ్మల్ని తోశాడు (ఇది కూడా ఆ రోజే తెలిసింది). ఈ రెండు పనులూ చేసింది ఒకే మనిషి. 'క్యా హువా..' లాంటి సినిమాలు చేసే మేలు ఇదేనేమో. దోషి ఎవరో తేల్చవు, అది కోర్టు పని. కథకి చివర్లో ఏమవుతుందో తెలియక ముందు మనుషులు ఎలా ఉన్నారో మాత్రం పట్టి ఉంచుతాయి. అదే కాలంలో, 1985 లో, క్లాడ్ లాంజ్‌మాన్ 'షోవా' విడుదలైంది. యూదుల ఊచకోత మీద తొమ్మిది గంటలకి పైగా నడిచే సినిమా. అందులో పాత ఫుటేజ్ ఒక్కటీ లేదు, అంతా దశాబ్దాల తర్వాత మనుషులు గుర్తు చేసుకుని చెప్పిందే. మన హైదరాబాద్ సినిమా దానికి తిరగేసిన పని చేసింది. జ్ఞాపకం అవకముందే రాసిపెట్టేసింది. మా నాయిన జ్ఞాపకం తనకు అనుకూలంగా మారిపోయింది. ఫిల్ము మారలేదు.

ఆ ఫిల్ము మిగలడం కూడా అదృష్టమే. మనకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, ఆ రోజుల్లో వీటికి బ్యాకప్ లేదు. 16 ఎంఎం లో 400 అడుగుల రీలు పదకొండు నిమిషాలు తిరుగుతుంది, అయిపోతే మార్చాలి. ప్రింట్లు నాలుగైదుంటే గొప్ప. వేడికి, తేమకి రంగులు పోతాయి. ఈ సినిమాని మళ్ళీ బయటికి తెచ్చింది హైదరాబాదు కాదు, బెర్లిన్! అక్కడి ఆర్సెనల్ అనే సినిమా సంస్థ, లివింగ్ ఆర్కైవ్ అన్న ప్రాజెక్టులో దీన్ని డిజిటల్ చేసి 2013 లో డివిడిగా తెచ్చింది. నా స్నేహితుడు ఇచ్చింది అదే. శాలిబండ పక్క వీధుల్లో ఏం జరిగిందో శాలిబండ వాడికి జర్మనీ మీదుగా తెలిసింది.

కాకతాళీయమే కానీ, అదే 2013 లో ఇంకోటి కూడా బయటికొచ్చింది. పోలీస్ యాక్షన్ తర్వాత హైదరాబాద్ సంస్థానంలో జరిగిన హింస మీద పండిట్ సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన రిపోర్టు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అది అంచనా వేసింది. ప్రభుత్వం దాన్ని దశాబ్దాల పాటు అచ్చు వేయలేదు. భాగాలు అక్కడక్కడా ముందే వచ్చినా, ఢిల్లీ నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో ఎవరైనా చూసే వీలు కలిగింది అప్పుడే. 1948 కాగితం, 1984 ఫిల్ము.. ఊరు ఇక్కడ, దాని జ్ఞాపకం ఎక్కడెక్కడో.

ఐతే మనవాళ్ళు ఏమీ చేయలేదనడం తప్పు. దీపా ధన్‌రాజ్ 1980 లో మిత్రులతో కలిసి పెట్టిన యుగాంతర్ బృందం, 1983 లో హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనతో కలిసి 'ఇది కథ మాత్రమేనా' అని తెలుగులోనే ఒక చిన్న సినిమా తీసింది. ఇంటి లోపల ఆడవాళ్ళ మీద జరిగే హింస గురించి. అది కల్పితమే, కానీ సంఘటన సభ్యులు తాము విన్నవీ పడ్డవీ పోగేసి అల్లింది. అదే స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళని వెతికి పట్టుకుని, టేప్ రికార్డర్ ముందు పెట్టి మాట్లాడించి, 1986 లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చింది. అదే ఏడు 'క్యా హువా..'. చేతిలో డబ్బుల్లేని కొద్దిమంది, అద్దె కెమెరాలతో టేపులతో చేసిన పని ఇది. మన చేతుల్లో 4కే కెమెరాలున్నాయి, క్లౌడ్ స్టోరేజ్ ఉంది. ఏం రికార్డు చేస్తున్నాం? పెళ్ళిళ్ళు, బర్త్‌డేలు.

సినిమా అయ్యాక "నువ్వు చెప్పింది రికార్డు చేసుకుంటా నాయినా" అన్నాను. "ఎందుకురా, ఎవల్ల పరువు తీస్తందుకు?" అని లేచి వెళ్ళిపోయాడు. రెండు వారాలు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మూడో ఆదివారం ఆయనే "ఏదీ నీ ఫోను" అన్నాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు. సగం అప్పటి బియ్యం ధరల గురించి, పావు భాగం ఆఫీసులో ప్రమోషన్ గురించి. జులూస్ గురించి ఏడెనిమిది నిమిషాలు ఉంటుందేమో. మా అమ్మ పక్కనుంచి రెండుసార్లు "స్కూలు కోసం కూడా" అంది. అదీ రికార్డయింది, కట్ చేయలేదు.

మూడు చోట్ల బ్యాకప్ పెట్టాను. మీ ఇంట్లో కూడా 1984 గుర్తున్నవాళ్ళు ఉంటే, లేదా మీ ఊళ్ళో ఎవరూ చెప్పుకోని ఏడాది ఏదైనా ఉంటే, ఈ ఆదివారం అడిగి చూడండి. ముందు బియ్యం ధరలే చెప్తారు. ఆపకండి, విననివ్వండి ఫోన్ని.