తూలే అడుగుకు కొలత: సైనికుల మెదడు గాయాలు, సమతౌల్య పరీక్షల చరిత్ర

మనిషి నిలకడగా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, కాళ్ల కీళ్లూ కండరాలూ పంపే సమాచారాన్ని మెదడు క్షణక్షణం సరిచూసుకుంటూ ఉండాలి. పేలుడు ధాటికో తలకు తగిలిన దెబ్బకో ఆ పొందిక చెదిరిన సైనికుడు, ఒంటి మీద గాయమేదీ లేకపోయినా, తల తిరుగుతోందనీ అడుగు తూలుతోందనీ చెబుతాడు. ఆ మాటకు ఆధారం చూపగల కొలత కోసం వైద్యం ఒకటిన్నర శతాబ్దానికి పైగా శ్రమించింది.

1840లలో బెర్లిన్ వైద్యుడు మోరిట్జ్ రాంబర్గ్, వెన్నుపాము దెబ్బతిన్న రోగులు పాదాలు దగ్గరగా చేర్చి నిలబడి కళ్లు మూసుకోగానే తూలిపోవడాన్ని గమనించి, చూపు ఆసరా తొలగితే దాగిన లోపం బయటపడుతుందని నిరూపించారు. తరువాత వియన్నాలో రాబర్ట్ బారానీ, చెవిలోకి చన్నీళ్లు పంపితే ఒక దిశలోనూ వేడినీళ్లు పంపితే ఎదురు దిశలోనూ కనుగుడ్లు అదురుతాయని గుర్తించి, లోపలి చెవి పనితీరును తెలుసుకునే మార్గం చూపారు. ఈ కృషికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించిన వార్త వెలువడే నాటికి, సైనిక వైద్యుడిగా మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నారు.

అదే యుద్ధంలో, 1915లో, బ్రిటిష్ సైనిక వైద్యుడు చార్లెస్ మైయర్స్ వైద్య పత్రికలో వాడిన ‘షెల్ షాక్’ అనే మాట వ్యాప్తిలోకి వచ్చింది. ఫిరంగి గుండ్ల పేలుళ్ల మధ్య నుంచి వచ్చిన సైనికుల బాధ మెదడు గాయమా, మనోవేదనా, పిరికితనమా అన్న వివాదం తెగలేదు. కంటికి కనిపించని గాయానికి కొలత లేనప్పుడు బాధితుడే అనుమానితుడయ్యాడు. 1940లలో బ్రిటన్‌లో కాథోర్న్, కుక్సీ అనే వైద్యులు, తల దెబ్బలతో సమతౌల్యం కోల్పోయినవారి కోసం పడకమీద కళ్లు కదపడంతో మొదలై, తల తిప్పడం, బంతి విసరడం, మెట్లెక్కడం వరకు సాగే వ్యాయామాలను రూపొందించారు.

ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో ఈ కనిపించని గాయాల సమస్య మళ్లీ ముందుకొచ్చింది. స్పృహ తప్పడం 30 నిమిషాలకు, జ్ఞాపకం చెదరడం 24 గంటలకు మించని, స్కానింగ్‌లో ఏమీ కనిపించని గాయాన్ని అమెరికా సైన్యం ‘తేలికపాటి’దిగా లెక్కిస్తుంది. అలాంటి తల దెబ్బలే తగిలే క్రీడాకారుల కోసం 1999 నాటికి రూపొందిన పరీక్షలో, కళ్లు మూసుకుని, చేతులు నడుముపై ఉంచి, రెండు పాదాలు చేర్చీ, ఒంటికాలిపైనా, ఒక పాదం వెనుక మరొకటి పెట్టీ, గట్టి నేలపైనా మెత్తని స్పాంజిపైనా 20 సెకన్ల చొప్పున నిలబడాలి. చేయి జారినా, కన్ను తెరిచినా, అడుగు కదిలినా తప్పుగా లెక్కిస్తారు. 2006లో యుద్ధక్షేత్రం కోసం ప్రవేశపెట్టిన పరీక్ష మొదట జ్ఞాపకశక్తిపై ఎక్కువగా ఆధారపడినా, సవరించిన రూపంలో కళ్లనూ తలనూ కదిపినప్పుడు తల తిరుగుతుందో లేదో చూసే అంశం చేరింది.

అయినా దృఢమైన దేహం గల యువసైనికుడు నిశ్చలంగా నిలబడే పరీక్షలో నెగ్గి, బరువు మోస్తూ, చుట్టూ చూస్తూ, ఆదేశాలు గుర్తుంచుకుంటూ నడిచేటప్పుడు తడబడవచ్చు. అందుకే పరిశోధకులు నడకనూ ఆలోచననూ ఒకేసారి పరీక్షించే పద్ధతులవైపు మళ్లారు. సైనికుడు తన బాధను ఎక్కడ అనుభవిస్తాడో అక్కడే దానిని కొలవాలన్న గ్రహింపే ఈ చరిత్ర అందించిన అసలైన ఫలితం.