బంజరు మీద పుట్టిన బజారు

పెనుబల్లి మండలంలో ఎవరికి ఏ పని పడినా వెళ్లేది వి.ఎం. బంజరకే. పూర్తి పేరు వియ్యం బంజర. బస్సెక్కాలన్నా, ఎరువు బస్తా కొనాలన్నా, పెళ్లికి బట్టలు తీయాలన్నా మాకు అదే బజారు. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ, కల్లూరు దాటి సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా గోదావరి జిల్లాలకు పోయే రోడ్డు మాదే. మైలవరం, తిరువూరు మీదుగా వచ్చి కొత్తగూడెం, భద్రాచలం, ఆపైన జగదల్‌పూర్ దాకా పోయే జాతీయ రహదారీ మా మండలం మీదుగానే వెళుతుంది. రెండు దారులు కలిసిన చోట బజారు పుట్టడంలో వింతేమీ లేదు. అంతకుముందు ఆ నేల మీద ఎవరున్నారన్నదే నన్ను ఎప్పటినుంచో వదలని ప్రశ్న.

నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లో సాగు లేక శిస్తు రాని బీడు నేల బంజరు. పట్వారీ దస్త్రంలో అక్కడ పంట లేదు, పట్టాదారు లేడు. మనుషులు మాత్రం ఉన్నారు. కారాయిగూడెం, బయ్యన్నగూడెం అన్న ఊళ్ల పేర్లు వింటేనే తెలుస్తుంది, ఇవి ఒకప్పుడు అడవి అంచు గూడేలని. కోయలు పోడు కొట్టి జొన్న, సామ, కంది పండించుకున్నారు. వేసవిలో ఇప్పపువ్వు ఏరారు, తేనె తీశారు, జిగురు, చింతపండు, కుంకుడుకాయ సంతకు తెచ్చి ఉప్పూ బట్టా పట్టుకెళ్లారు. ఈ ప్రాంతపు తొలి వ్యాపారం ఏదని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే: గంపెడు అడవి సరుకుకు శేరు ఉప్పు. తూకం ఎటు మొగ్గేదో చెప్పక్కర్లేదు. ఆ లెక్క ఏ చిట్టాలోనూ ఉండదు.

మాది సరిహద్దు నేల కూడా. 1948 దాకా పెనుబల్లి నిజాం రాజ్యంలో ఉంటే, పక్కనున్న తిరువూరు మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాలో ఉండేది. ఇటు నిజాం నాణెం హాలీ సిక్కా, అటు బ్రిటిష్ ఇండియా రూపాయి కల్దారు. నూరు కల్దారు రూపాయలకు నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైల హాలీ ఇవ్వాలి. సరుకు సరిహద్దు దాటితే కరోడ్‌గిరి, అంటే నిజాం సుంకం. అందుకే ఇక్కడి వర్తకుడికి రెండు నాణేల లెక్కా నోటికి రావాల్సి ఉండేది. బండి మీద మిరపకాయలు వేసుకుని కొద్ది మైళ్ల అవతలికి పోతే అది పరదేశం.

ఆ అవతలి వైపు నుంచే రైతులు వచ్చారు. గోదావరి, కృష్ణల మీద ఆనకట్టలు కట్టిన తర్వాత డెల్టాలో భూమికి గిరాకీ పెరిగింది, కుటుంబాలు పెరిగి పంపకాల్లో కమతాలు చిన్నవయ్యాయి. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ నాలుగైదు ఎకరాలకు మించి దొరికే రోజులవి. అడవి కొట్టి సాగు చేస్తే శిస్తు వస్తుందని సర్కారూ చూసింది. వచ్చినవాళ్లకు తొలి శత్రువు పులి కన్నా చలిజ్వరం. మన్యం గాలి సోకిందనేవారు. 1953లో దేశమంతటా మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, గోడలకు డీడీటీ కొట్టడం వచ్చాకే అడవి అంచు ఊళ్లలో జనం నిలదొక్కుకున్నారు. మా చరిత్రలో పట్టాల కంటే ఆ తెల్లమందుకే పెద్ద చోటు ఇవ్వాలని నా అభిప్రాయం. 1973 నుంచి 1978 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసిన జలగం వెంగళరావు కూడా కోస్తాలో పుట్టినవారే. ఆయన స్థిరపడిన ఊరు మా మండలంలోని బయ్యన్నగూడెం.

బండ్ల కాలంలో దారిపక్క ఏ వ్యాపారాలు నిలబడతాయో ఊహించడం కష్టం కాదు. చక్రానికి పట్టా వేసే కమ్మరి, ఇరుసు చెక్కే వడ్రంగి, ఎద్దులకు నీళ్లూ గడ్డీ, మనిషికి ఓ పూట అన్నం. శ్రీరామనవమికి భద్రాద్రి వెళ్లే యాత్రికులూ ఈ దారినే పోయేవారు. ఆ వెనకే కిరాణా దుకాణం, కలప అడితి, టీ హోటలు. 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన తెరిచాక దారి నది దగ్గర ఆగిపోవడం మానేసింది. లారీలు పెరిగాయి, కమ్మరి కొలిమి పక్కన పంక్చర్ల షాపు వెలిసింది.

తునికాకు సంగతి విడిగా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు అడవికి పోతారు. మధ్యాహ్నానికి ఇల్లు చేరి యాభై ఆకులకొక కట్ట కట్టి, సాయంత్రం ఆకు కొనే కల్లంలో అప్పజెబుతారు. వెయ్యి కట్టలైతే ఒక ప్రమాణ బస్తా, అంటే యాభై వేల ఆకులు. ఒక్కొక్కటీ చేత్తో కోసిందే. 1971లో చట్టం తెచ్చి ఈ వర్తకాన్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకునేదాకా కట్ట ధర కాంట్రాక్టరు నోటిమాట. గూడేల్లో ఏడాదికొకసారి చేతికి నగదు వచ్చేది ఈ కాలంలోనే. ఆ నగదు మళ్లీ బజారుకే చేరేది: చీరలు, గిన్నెలు, పాత బాకీ. మా బజారు మీద ఈ ఆకు రుణం చాలానే ఉంది.

అడవిమల్లేల దగ్గర కట్టలేరుపై లంకాసాగర్ కట్టాక వరి పెరిగింది, వరి వెంట రైస్ మిల్లులు వచ్చాయి. మెట్ట మీద మామిడి తోటలు, పత్తి, మిర్చి. 1979లో సారపాకలో కాగితపు మిల్లు నడవడం మొదలయ్యాక జామాయిల్ తోటలకూ గిరాకీ వచ్చింది. ఇప్పుడు పామాయిల్ వంతు. 1985లో మండలాలు ఏర్పడ్డాక కచేరీ పెనుబల్లికి వచ్చింది. 2016లో జిల్లాను విడదీసినప్పుడు కొత్తగూడెం, భద్రాచలం వేరే జిల్లా అయ్యాయి, మేం ఖమ్మంలోనే మిగిలాం.

నీలాద్రి గుట్టల్లో శివరాత్రి జాతరకు ఏటా వేలమంది వస్తారు. ఆ వచ్చినవాళ్లను ఊరి చరిత్ర అడిగితే చాలామంది తమ తాతగారు అడవి కొట్టిన రోజు నుంచే మొదలుపెడతారు. వాళ్ల కష్టం అబద్ధం కాదు. జ్వరాలకు బిడ్డల్ని పోగొట్టుకుని కూడా నిలబడిన కుటుంబాలవి. కానీ ఆ కొట్టిన అడవి కిందే మరొకరి పోడు, మరొకరి వేల్పు గద్దె ఉన్నాయి. ఆ మనుషులు మన కథలో కూలీలుగానో, ఆకు తెచ్చిన గిరాకీలుగానో మాత్రమే కనిపించడం అన్యాయం.

ఎనభై దాటిన వాళ్లు ఇంకా గూడేల్లో ఉన్నారు, బజారులోనూ ఉన్నారు. మా మండలంలోని బడి పంతుళ్లకు నాదొక విన్నపం: ఈ వేసవిలో పిల్లల చేతికి ఒక నోటు పుస్తకం ఇచ్చి వాళ్ల దగ్గరికి పంపండి. పాత దుకాణాల చిట్టాలు, పట్టా కాగితాలు ఇళ్లలో చెదలు పట్టకముందే ఫొటోలు తీయించండి. రాయడం మాత్రం గూడెంతోనే మొదలుపెట్టించండి.